ఫిబ్రవరిలో ఫొటోలు సరే, మిగతా పదకొండు నెలల మాట?

సంపాదకులు గారికి నమస్కారం.

సైన్సులో ఉన్న మహిళలు, బాలికల కోసం ఐక్యరాజ్యసమితి ప్రకటించిన దినం ఫిబ్రవరి 11న వస్తుంది. జాతీయ విజ్ఞాన దినం అదే నెల 28న. ఆ రెండు తేదీల మర్నాడు మీ జిల్లా పేజీ కళకళలాడుతుంది. తెల్లకోట్లు వేసుకున్న అమ్మాయిలు, నడుమ జ్యోతి వెలిగిస్తున్న ముఖ్య అతిథి. ఆయన పేరు, హోదా, చెప్పిన హితవులు పొల్లు పోకుండా అచ్చవుతాయి. ఆ అమ్మాయిలు దేని మీద పరిశోధన చేస్తున్నారో మాత్రం ఒక్క ముక్క ఉండదు.

హనుమకొండలో జంతుశాస్త్రం బోధించి రిటైరైన దాన్ని. ఆ ఫొటోల్లో వెనుక వరసలో నిలబడ్డ అధ్యాపకురాళ్లలో నా పాత విద్యార్థినులు కనిపిస్తుంటారు. ఫోను చేసి పలకరిస్తే తెలిసే సంగతులు వేరు. పీహెచ్‌డీ పట్టా ఉన్న ఒకామె డిగ్రీ కాలేజీలో పీరియడ్ల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్. సెలవులొస్తే జీతం ఉండదు. ఇంకొకామె నీట్ కోచింగ్‌లో ఒకే పాఠాన్ని రోజూ నాలుగు సెక్షన్లకు చెబుతోంది. మన విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి నిలిచిపోయాక ఇంతకన్నా ఏం జరుగుతుంది?

ఆడపిల్లలు సైన్సు వైపు రావడం లేదని ప్రతి ఏడూ ఎవరో ఒకరు వేదిక మీద వాపోతారు. అది అబద్ధం. కేంద్ర ఉన్నత విద్య సర్వే ప్రకారం 2021-22లో సైన్సు కోర్సుల్లో అమ్మాయిలు 29.8 లక్షలు, అబ్బాయిలు 27.4 లక్షలు. కానీ 2018 నాటి లెక్క ప్రకారం దేశంలో నేరుగా పరిశోధనలో ఉన్నవారిలో మహిళలు 16.6 శాతమే. రావడానికి వస్తున్నారు, నిలవడానికి చోటే లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. 2021-22లో నల్ల తామర పురుగు మన మిరప తోటలను ఎలా ఊడ్చిపెట్టిందో మీ పత్రికే రాసింది. పూత రాలిపోయి ఎందరో రైతులు తోటలు దున్నేశారు. ఆ పురుగు మీదే పనిచేసిన పరిశోధక విద్యార్థిని ఒకామె నాకు తెలుసు. పొద్దున్నే తోటకు వెళ్లి, మిరప పూలను ఒక్కొక్కటిగా తెల్ల అట్ట మీద దులిపేది. నువ్వు గింజలో సగం కూడా ఉండని ఆ పురుగులను లెన్సు పెట్టి లెక్కించి, కొన్నింటిని ఆల్కహాలు సీసాల్లో వేసి, సీసా సీసాకూ తేదీ, పొలం పేరు రాసిన చీటీ అంటించేది. అంత కష్టపడి తేల్చిన విషయాలు ఇంగ్లీషు జర్నల్‌లో అచ్చయ్యాయి. ఆ పొలం యజమాని మాత్రం పురుగుమందుల దుకాణంలో ఏ డబ్బా చేతికిస్తే అదే కొట్టాడు.

నేను పోరగా పోరగా ఆమె రెండు పేజీలు తెలుగులో రాసింది. పురుగు పూలలో ఎందుకు దాక్కుంటుంది, నీలిరంగు జిగురు అట్టలు ఎందుకు కట్టాలి, మందు మీద మందు కొడితే ఆ పురుగును తినే మిత్రకీటకాలు ఎలా చస్తాయి, ఇంతే. జిరాక్సు తీసి పంచింది. ఆ కాగితం చేతులు మారి ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘానికి చేరింది. ఇప్పుడు వాళ్లు ప్రతి సీజనులో ఆమెను పిలిచి శిక్షణ ఇప్పించుకుంటున్నారు, డబ్బు కూడా ఇస్తున్నారు. కుటుంబం గడిచేంత కాదు. కానీ ఆమె చదువుకు ఈ ఊళ్లో వెల కట్టింది వాళ్లే.

అప్పట్లో ఆమె గైడ్ ఏమన్నారో తెలుసా? “ఇవి రాస్తూ కూర్చుంటే పేపర్లు ఎప్పుడు వేస్తావమ్మా?” అని. ఆయనను తప్పుపట్టలేను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో, అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు చూసే పరిశోధన స్కోరు పట్టికలో సైన్సువారికి జర్నల్ పేపరు ఒక్కోదానికి 8 మార్కులు. పుస్తకం అనువదించినా 8 ఇస్తారు. తన పరిశోధననే తెలుగులో పదివేల మందికి అర్థమయ్యేలా పత్రికకు రాస్తే ఆ పట్టికలో గడే లేదు. అందుకే రాయగలిగినవారు కూడా రాయరు.

విజ్ఞాన దినం నాడు మనం తలుచుకునే రామన్ గారే 1933లో కమలా భాగవత్ అనే అమ్మాయికి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో ప్రవేశం లేదన్నారు. పట్టుబడితే ఏడాది పాటు పని చూశాకే ఖాయం చేస్తామన్న షరతు పెట్టి చేర్చుకున్నారు. ఆమె 1939లో కేంబ్రిడ్జి నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. కమలా సోహోనీగా ఎంత పేరు వచ్చినా, తరువాతి కాలంలో వినియోగదారుల భద్రత గురించి మామూలు జనానికి వ్యాసాలు రాశారు. దాన్ని చిన్న పనిగా ఆమె అనుకోలేదు. మన పట్టికలు అనుకుంటున్నాయి.

ఇంకో బాధ ఒంటరితనం. ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన స్థానంలో ఒకామె, కాకతీయ విశ్వవిద్యాలయంలో మరొకామె ఒకే పంట మీద పనిచేస్తూ, కాజీపేటలో హైదరాబాద్ రైలెక్కాక గాని పరిచయం కాలేదు. పీహెచ్‌డీ చేసే మహిళలకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, గడువులో రెండేళ్ల సడలింపు ఉన్నాయని తెలియక మానేసినవారినీ చూశాను. పక్క విభాగంలో మాట్లాడే మనిషి ఒకరుంటే తెలిసేది. హనుమకొండలో 1904 నుంచి రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది. నెలకో ఆదివారం అక్కడ ఒక గది ఇస్తే చాలు, వీళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. పిల్లలను వెంట తెచ్చుకోనివ్వండి. ముఖ్య అతిథిని మాత్రం పిలవొద్దు.

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2018లో ‘అవసర్’ అనే పథకం పెట్టి, తమ పరిశోధనను సామాన్యులకు చెప్పిన పీహెచ్‌డీ విద్యార్థుల రచనల్లో వంద ఎంచి ఒక్కోదానికి పదివేల రూపాయలు ప్రకటించింది. అలాంటిది తెలుగు రచనల కోసం మన రాష్ట్రం పెట్టకూడదా? ఉన్నత విద్యామండలి పెద్దలు ఈ లేఖ చదివితే జవాబివ్వాలి.

వాళ్ల సంగతి ఎలా ఉన్నా, మీ చేతిలో ఒక పని ఉంది. జిల్లా ఎడిషన్‌లో వారానికి అరపేజీ ఇవ్వండి. మేరీ క్యూరీ జీవితకథ ఇప్పటికి చాలాసార్లు చదివాం. వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్‌లలో పనిచేస్తున్న పరిశోధకురాళ్లు తమ పని గురించి తామే రాయాలి. కింద వారి పేరు, కాలేజీ పేరు ఉండాలి. పారితోషికం తప్పనిసరిగా ఇవ్వాలి. సేవాభావంతో రాయమని అడిగితే ఆడవాళ్ల చేత ఇంకో వెట్టి చేయించినట్టే. ఎంత ఇస్తారో తెలియజేస్తే మొదటి నాలుగు వ్యాసాలు నేనే అడిగి తెప్పించి పంపుతాను. మిరప పురుగు మీద రాసినది సిద్ధంగానే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
హనుమకొండ