విప్పిన ముక్క ఒక్కటీ పారేయనివ్వకు బావా

శాన్ హోసే
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూశాను. తాతయ్యగారి వీణని ఈ నెలలోనే బొబ్బిలి పక్కన గొల్లపల్లి తీసుకెళ్తున్నానని, మైనం ఎండి మెట్లు కదిలిపోయాయని, తీగలు బిగించే బిరడలు రెండు నిలవడం లేదని రాశావు. ఫోన్లో "మంచిదిరా, చేయించు" అని రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఇంత ఉత్తరం. ఇది పూర్తిగా చదివాకే వీణని బండెక్కించు.

ఈ పద్నాలుగు నెలలూ నేను ఏం చేస్తున్నానో నీకు సరిగ్గా చెప్పనేలేదు. ఒక పాత గిటారు బాగుచేస్తున్నాను. మామూలుది కాదు, ఒళ్ళో పెట్టుకుని వాయించే స్టీల్ గిటారు. 1930ల చివరిది, రికెన్‌బ్యాకర్ కంపెనీది. ఒళ్ళంతా నల్లటి బేకలైట్. మన చిన్నప్పటి కరెంటు స్విచ్చులు ఉండేవి చూడు, ఆ పదార్థం.

నీకు గుర్తుందా, మీ ఇంట్లో మర్ఫీ రేడియోలో ఒక కార్యక్రమం అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు గిటారు మీద సినిమా పాటలు వేసేవాళ్ళు. మాటలుండవు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుకుంటూ పోయేది. అరుగు మీద కూర్చున్న తాతయ్యగారు చెయ్యి ఎత్తి మనల్ని ఆపి "ఉండండర్రా, ఇది గోటువాద్యంలా ఉంది, గమకం పలుకుతోంది" అనేవారు. రేడియోలో పలికే ఆ వాద్యం ఏమిటో మన ఇద్దరికీ తెలీదు. అదే ఇది. కలకత్తాలో సునీల్ గంగూలీ లాంటివాళ్ళు వాయించిన హవాయియన్ గిటారు. హవాయి నుంచి వచ్చిన టావ్ మో కుటుంబం 1940లలో కలకత్తాలో ఉండి ఈ వాద్యాన్ని అక్కడ చాలామందికి దగ్గర చేసింది. పుట్టింది మాత్రం హవాయి దీవుల్లో. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు తీగల మీద ఇనుప ముక్క జరుపుతూ వాయించడం మొదలుపెట్టాడని చెబుతారు. తాతయ్యగారు అన్నది ఎంత సరైన మాటో నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. గోటువాద్యం మీద కర్ర ముక్క జరుపుతారు, దీని మీద ఉక్కు కడ్డీ జరుపుతారు. తీగని మెట్టుకి అదిమి నొక్కే పనే లేదు.

ఇది ఎలా దొరికిందంటే, బేకర్స్‌ఫీల్డ్‌లో ఒక పెద్దాయన పోయాక వాళ్ళబ్బాయి ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్‌లో సామాన్లు అమ్మకానికి పెట్టాడు. పెట్టె మూత తెరిచేసరికి లోపల నల్లగా, దుమ్ము కొట్టుకుని, ఒక రేకు ఊడిపోయి ఉంది. ఆ అబ్బాయి "నాన్న దీన్ని ఎప్పుడూ తియ్యలేదు, పలకదు" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. ఆ నల్లటి ఒళ్ళు, రెండు గుర్రపునాడా అయస్కాంతాలు చూడగానే అది ఏమిటో తెలిసిపోయింది.

ఆ అయస్కాంతాల సంగతి చెప్పాలి. జార్జ్ బోషాంప్ అని ఒక హవాయియన్ గిటారు వాద్యగాడు ఉండేవాడు. బ్యాండులో మిగతా వాయిద్యాల హోరులో తన గిటారు వినబడదని ఆయన బాధ. ముందు లోహపు గిటార్ల మీద పనిచేశాడు, అవీ చాల్లేదు. చివరికి తీగ కదలికనే కరెంటుగా మార్చే మార్గం పట్టుకున్నాడు. రెండు గుర్రపునాడా అయస్కాంతాలు, వాటి సందులో తీగలకింద ఒక రాగితీగ చుట్ట. స్విట్జర్లాండ్ నుంచి వచ్చి లాస్ ఏంజెలెస్‌లో పనిముట్ల కార్ఖానా పెట్టుకున్న అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌తో కలిసి 1932లో దాన్ని అమ్మకానికి తెచ్చారు. అచ్చుపోసిన అల్యూమినియం ఒళ్ళు, గుండ్రటి పొట్ట, పొడుగు మెడ. చూడడానికి పెనంలా ఉంటుంది కాబట్టి జనం దాన్ని 'ఫ్రయింగ్ పాన్' అన్నారు. అమ్మకాల్లో నిలదొక్కుకున్న మొదటి ఎలక్ట్రిక్ గిటారు అదే. పేటెంటు చేతికి రావడానికి మాత్రం 1937 ఆగస్టు దాకా పట్టింది.

అయితే అల్యూమినియానికి ఒక జబ్బు. స్టేజి మీద లైట్ల వేడికి సాగుతుంది, శ్రుతి తప్పుతుంది. మన వీణ ఎండలోంచి నీడలోకి తెస్తే శ్రుతి మారదూ, అలాగే, కానీ ఇంకా తొందరగా. అందుకని 1935లో బేకలైట్‌తో 'మోడల్ బి' చేశారు. బేకలైట్ వేడికి అంతగా చలించదు. పోత పోసేటప్పుడే మెట్ల గీతలు మెడ మీద వచ్చేస్తాయి. ఒంట్లో బోలు గదులుంటాయి, వాటి మీద క్రోము పూత వేసిన ఐదు రేకులు బిగిస్తారు. పేరున్న స్టీల్ గిటారు వాద్యగాడు జెర్రీ బర్డ్ వాయించింది ఇలాంటి బేకలైట్ గిటార్లే. ఆ నాదాన్ని మాటల్లో చెప్పలేను. లోపల ఎవరో పాడుతున్నట్టు ఉంటుంది.

ఇంటికి తెచ్చి బల్ల మీద దుప్పటి పరిచి విప్పడం మొదలుపెట్టాను. రోజుకి గంట. ప్రతి స్క్రూకి ఒక చిన్న సంచీ, దాని మీద ఏ మూలదో రాసిన చీటీ. బేకలైట్ పెళుసు, స్క్రూ అర చుట్టు ఎక్కువ బిగిస్తే పగిలిపోతుంది. పైన మెరుస్తున్నది పలుచని పొర మాత్రమే. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే లోపల కలిపిన కొయ్యపొట్టు బయటపడి బూడిద రంగు తేలిపోతుంది, మళ్ళీ ఆ మెరుపు రాదు. అందుకని మెత్తటి గుడ్డ, కాస్త తడి, ఓపిక, అంతే. క్రోము రేకుల మీద తుప్పు చుక్కలకి అల్యూమినియం రేకు ముద్దచేసి నీళ్ళలో ముంచి మెల్లగా రుద్దాను. చాలావరకు పోయింది. కుడిచెయ్యి ఆనే చోట క్రోము అరిగి కింది లోహం కనిపిస్తోంది. కొత్తగా పూత వేయించమని ఇక్కడ ఇద్దరు చెప్పారు. నేను ఒప్పుకోలేదు.

వాల్యూమ్ తిప్పే గుండీ కింద ఉన్న భాగాన్ని తిప్పి చూశాను. దాని వీపు మీద 1376618 అని అచ్చు ఉంది. 137 అంటే ఈ భాగం చేసిన సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966, 18 అంటే పద్దెనిమిదో వారం. అంటే 1966లోనో ఆ తర్వాతో ఎవరో దీన్ని విప్పారు. అప్పుడే నాకు అనుమానం మొదలైంది. అయస్కాంతాలు కొలిచాను. అంగుళంపావు వెడల్పు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసినవాటికి ఒకటిన్నర అంగుళం ఉండాలి. అవి ఆనుకునే చోట బేకలైట్ మీద వెలుతురు తగలక నిగనిగలాడే పట్టీ ఉంది, అది సరిగ్గా ఒకటిన్నర అంగుళం. పెద్ద చెప్పు అచ్చులో చిన్న చెప్పు పెట్టినట్టు ఉంది.

ఆ మెకానిక్ ఎవరో, ఏ ఊరో నాకు తెలీదు. చెడు చేద్దామనుకుని చేసి ఉండడు. అయస్కాంతం బలం తగ్గిందనుకుని, దొరికినవి వేసి, గిటారు పలికేలా చేసి ఇచ్చాడు. నాకు కోపం వచ్చింది మాత్రం ఒక్క విషయానికి. పాతవి ఆ పెట్టెలో వెయ్యలేదు. ఒక మధ్యాహ్నం ఆయన బల్ల కిందకి నెట్టిన ముక్కల కోసం నేను పదకొండు నెలలు తిరిగాను బావా.

ముందు చుట్ట సంగతి. మీటర్ పెడితే ఏమీ చూపించలేదు, తీగ ఎక్కడో తెగింది. కొత్తగా చుట్టించెయ్యమని అందరూ అన్నారు. చుట్టిస్తే పలుకుతుంది, కానీ అది 1930ల చుట్ట కాదు కదా. భూతద్దం పెట్టుకుని పైన కట్టిన గుడ్డ పట్టీ కొంచెం కొంచెంగా విప్పాను. వెంట్రుకంత తీగ. మూడో రాత్రి కనిపించింది. సన్న తీగని బయటి మందం తీగకి అతికిన చోట పచ్చటి చిలుము పట్టి, అక్కడే విడిపోయింది. లోపలంతా బాగానే ఉంది. చివర రవ్వంత పూత గీకి, టంకం పెట్టి, మీటర్ ఆనించాను. ముల్లు కదిలింది. రాత్రి ఒంటిగంట. మీ చెల్లెల్ని లేపి చూపించాను. తను కళ్ళు నులుముకుంటూ "ఇక పడుకో" అంది గానీ, పొద్దున్నే వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి చెప్పింది.

ఇక అయస్కాంతాలు. ఎన్నో ఉత్తరాలు రాశాను. చివరికి ఒరెగాన్‌లో ఒక పెద్దాయన దగ్గర మెడ విరిగిపోయిన మోడల్ బి ఉందని తెలిసింది. అతకడానికి వీల్లేని విరుపు. ఆయన డబ్బు అడగలేదు. "నా దగ్గర యుద్ధం తర్వాతి గిటారు ఒకటి ఉంది, దాని అయస్కాంతం ఒకటి పోయింది, నీ అంగుళంపావువి నాకు పంపు" అన్నాడు. ఎంత ఆనందం వేసిందో! ఆయనవి నా గిటారుకి, నావి ఆయన గిటారుకి. ఎవరి అయస్కాంతాలు వాళ్ళింటికి చేరినట్టయింది. ఆయన పంపేటప్పుడు రెండు కొసల మధ్య ఒక ఇనుప పట్టీ ఆనించి కట్టి పంపాడు. పాత ఉక్కు అయస్కాంతాన్ని ఊరికే వదిలేస్తే బలం జారిపోతుంది, కింద పడేసినా అంతే. ఇనుప ముక్క అడ్డం ఉంటే నిలుస్తుంది. నేనూ ఆయనకి అలాగే కట్టి పంపాను.

ఊడిపోయిన ఐదో రేకు మాత్రం దొరకలేదు. మిగతావాటి కొలతలు చూసి కొత్తది చేయించాను. దాని అడుగున, స్క్రూ విప్పితేనే కనిపించేలా, ఇది కొత్తగా చేయించినదని, చేయించిన సంవత్సరమూ చెక్కించాను. రేపు ఎవరైనా విప్పితే మోసపోకూడదు. ఆ 1966 వాల్యూమ్ భాగాన్ని కూడా పారెయ్యలేదు. చీటీ రాసి పెట్టెలోనే వేశాను. అదీ ఈ గిటారు జీవితంలో ఒక భాగమే.

పోయిన శనివారం తీగలు వేశాను. ఒక్కో తీగనీ ఒంటి వెనక రంధ్రంలోంచి దూర్చి, అయస్కాంతాల సొరంగంలోంచి లాగి, బిరడకి చుట్టాలి. ఒక్కసారి బిగించకుండా రెండు రోజుల్లో నెమ్మదిగా శ్రుతికి తెచ్చాను. తర్వాత ఆంప్లిఫయర్ పెట్టి, కడ్డీ పన్నెండో గీత మీద ఆనించి మీటాను. పంచమం మీద నుంచి షడ్జానికి జార్చాను. అది జారుతుంటే నాకు మీ అరుగు, రేడియో, చెయ్యి ఎత్తిన తాతయ్యగారు కనిపించారు. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

ఇప్పుడు నీ వీణ సంగతికి వస్తా. నీది ఏకాండి వీణ. కుండ, దండి అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలిచినది. అలాంటి దాన్ని నేర్పుగా బాగుచేసే చేతులు గొల్లపల్లిలోనే ఉన్నాయి, అందులో నాకు అనుమానం లేదు. మేళం కట్టేవాళ్ళు, అంటే మైనంలో మెట్లు అమర్చేవాళ్ళు, పాత మైనం తీసి కొత్తది వేస్తారు, అది వెయ్యాల్సిందే. ఇరవై నాలుగు మెట్లు మాత్రం మార్చకుండా అవే పెట్టమని అడుగు. అరిగినవి ఉంటే మార్చనీ, కానీ పాతవి నీకు ఇచ్చెయ్యమను. ఆ బిరడలు కూడా అంతే. నిలవకపోతే ముందు సుద్దపొడి రాసి చూడమను, కొత్తవి వేస్తే పాతవి గుడ్డలో కట్టించుకుని తెచ్చుకో. తీగలు ఆనే గుర్రం మీది లోహపు పలక మార్చాలంటారేమో, దాని వంపే నాదం, వెంటనే ఒప్పుకోకు. విప్పకముందు అన్నివైపులా ఫోటోలు తీసి పెట్టుకో, ముఖ్యంగా దండి చివర చెక్కిన యాళి ముఖం, దాని కింద పెచ్చు లేచిన రంగు. కొత్త రంగు వేస్తామంటే వద్దని చెప్పు. ఆ రంగు తాతయ్యగారి భుజం రాసుకుని పోయింది.

సంక్రాంతికి వస్తున్నాం. గిటారు చేతిసామానులో తెస్తున్నాను, విమానం వాళ్ళతో మాట్లాడాను. మీ అరుగు మీదే వాయిస్తా. అప్పటికి వీణ వచ్చేస్తే అమ్మగారిని పక్కన కూర్చోబెట్టి శ్రుతి కలుపుదాం. వీణకి ఏ శ్రుతి పెట్టమన్నారో ముందే రాయి, దానికి తగ్గ మందం తీగలు ఇక్కడే కొనాలి.

నీ
బావ