డయల్ మీద కంపెనీ ముద్ర: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు బెంగళూరులో మన కానుక గడియారాల సేకరణ సంఘం చేసిన పనులనూ, తలపెట్టి పూర్తి చేయలేకపోయిన పనులనూ కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. నెలవారీ సమావేశాలు మల్లేశ్వరంలో యథాప్రకారం జరిగాయి. వానల కారణంగా ఒకటి వాయిదా పడింది. హాజరు గురించి ప్రత్యేకంగా చెప్పవలసిందేమీ లేదు, కాఫీ వేళకు మాత్రం ఎవరూ ఆలస్యంగా రాలేదు.

ఈ ఏడాది మన శ్రమంతా నమోదు పుస్తకం మీదనే సాగింది. డయల్ మీద కంపెనీ ముద్ర వేయించి ఉద్యోగులకో, డీలర్లకో కానుకగా ఇచ్చిన గడియారాలనే మనం సేకరిస్తున్నాం. మెషీన్ పరంగా చూస్తే వీటిలో చాలావరకు అంగడిలో దొరికే మామూలు గడియారాలే కాబట్టి, దాన్ని ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో ఇచ్చారన్నది తెలియకపోతే మన పెట్టెలో ఉన్నది ఒక పాత గడియారం మాత్రమే అవుతుంది. అందుకే ప్రతి గడియారానికీ ఒక కార్డు రాయాలని నిరుటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం.

మన ఊళ్లో ఈ సేకరణ హెచ్‌ఎంటీతో మొదలు కావడం సహజం. జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సాంకేతిక సహకారంతో 1961లో బెంగళూరులో ఆ గడియారాల తయారీ ప్రారంభమైంది. 1987లో టైటాన్ గడియారాలు మార్కెట్లోకి వచ్చి, బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ గడియారాల వాడకం పెరిగేదాకా, దీర్ఘకాల సేవకు గుర్తింపుగా సంస్థలు ఇచ్చిన కానుకల్లో రోజూ కీ ఇవ్వవలసిన హెచ్‌ఎంటీలు తరచుగా కనిపిస్తాయి. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గ సంఘం 2016 జనవరిలో ఆమోదం తెలిపాక, అప్పటిదాకా బీరువాల్లో ఎవరూ పట్టించుకోని వాటికి కూడా ధర పలకసాగింది. ఈ ఏడాది జాలహళ్లిలోని హెచ్‌ఎంటీ హెరిటేజ్ సెంటర్‌ను సభ్యులు కుటుంబసమేతంగా చూసి వచ్చారు. పిల్లలకు గడియారాల కంటే అక్కడి హెచ్‌ఎంటీ ట్రాక్టర్లే నచ్చాయి. హైదరాబాదు నుంచి వచ్చి స్థిరపడిన సభ్యులు, అక్కడ జపాన్ సంస్థ సీకో సహకారంతో తయారైన ఆల్విన్ గడియారాలకు పుస్తకంలో విడిగా ఒక భాగం కావాలని కోరగా కార్యవర్గం అంగీకరించింది.

విదేశీ గడియారాల మీద ఒక సభ్యుడు చేసిన ప్రసంగంలో డొమినోస్ పిజ్జా కథ అందరినీ ఆకట్టుకుంది. అమ్మకాల లక్ష్యం చేరిన దుకాణాల మేనేజర్లకు ఆ సంస్థ రోలెక్స్ ఎయిర్‌కింగ్ గడియారాలను తన ముద్ర డయల్ మీద వేయించి ఇచ్చేది. తరువాతి కాలంలో ఆ ముద్ర డయల్ మీది నుంచి చైను మీదికి మారింది. పిజ్జా ముద్రతో రోలెక్స్ పరువు పోయిందని వాదించినవారికీ, దాని వల్లనే దానికొక చరిత్ర ఏర్పడిందన్నవారికీ ఆ రోజు సయోధ్య కుదరలేదు. నా ఓటు రెండోవారికే.

ఇక రీడయల్ సమస్య. చిక్కపేట పరిసరాల్లోని ఆదివారం సంతలోనూ ఆన్‌లైన్‌లోనూ పాత డయల్‌కు రంగు వేసి, దాని మీద కొత్తగా ముద్ర అచ్చు వేసిన గడియారాలు విరివిగా వస్తున్నాయి. అటువంటి ఒకదాన్ని సమావేశంలో భూతద్దం కింద ఉంచి చూశాం. నిమిషాల గీతలు అంకెల గుర్తులకు ఎదురుగా లేకుండా వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉన్నాయి, ముద్రలోని సన్నని అక్షరాల కడుపులు సిరాతో పూడుకుపోయాయి. ఫ్యాక్టరీ అచ్చులో, చెక్కిన పలక మీది సిరాను మెత్తని రబ్బరు దిండు ఎత్తుకుని డయల్ మీద అద్దుతుంది కనుక అంచులు తేటగా ఉంటాయి. రెండు రంగుల ముద్రకు రెండుసార్లు అద్దాలి. ఆ రెండూ సరిగ్గా కలిశాయా లేదా అన్నది చూస్తే చాలావరకు అసలు సంగతి బయటపడుతుంది. రీడయల్ గడియారాలను పుస్తకంలో చేర్చరాదని, చేరిస్తే ఆ మాట స్పష్టంగా రాయాలని చర్చ జరిగి, చివరికి రెండో పద్ధతికే మెజారిటీ లభించింది.

విచారకరమైన విషయం ఒకటి చెప్పక తప్పదు. ఒక సభ్యురాలు, చక్కెర కర్మాగారంలో పనిచేసిన తన తండ్రిగారికి వచ్చిన గడియారాన్ని సర్వీసింగ్‌కు ఇవ్వగా, మరమ్మతు చేసినాయన మరకలు పోవాలని డయల్‌ను కూడా తుడిచారు. పూత మీద వేసిన ముద్ర మరకతో పాటే పోయింది. కొత్తదానిలా మెరుస్తున్న ఆ డయల్‌ను చేతికిస్తూ ఆయన మెప్పు కోసం ఎదురుచూశారట. వెనక మూత మీద చెక్కిన తండ్రిగారి పేరు మాత్రం చెక్కుచెదరలేదు. కనుక ఇకమీదట సర్వీసింగ్‌కు ఇచ్చే ముందు డయల్‌ను దగ్గరగా ఫోటో తీయాలని, డయల్‌ను తాకవద్దని రసీదు మీదనే రాయించుకోవాలని కార్యవర్గం సభ్యులందరినీ కోరుతోంది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి వద్ద ఉంది, చూడదలచినవారు ఏ సమావేశంలోనైనా అడగవచ్చు. నమోదు పుస్తకంలో కొన్ని కార్డులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. వాటిలో ఒక గడియారం డయల్ మీద, ఆరో అంకెకు పైన, పళ్లచక్రం నడుమ వరికంకి ముద్ర ఉంది, పేరు లేదు. వెనక మూత మీద ఇంటి పేరు తాలూకు మొదటి అక్షరం మాత్రం అరిగి మిగిలింది. ఆ గడియారాన్ని వచ్చే నెల సమావేశానికి తెస్తున్నాం. సభ్యులు తమ ఇళ్లలోని పెద్దవారిని కూడా వెంట తీసుకురావలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి