మనం ఉంటున్న కౌంటీ కథలు కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక అమెరికా పేజీలో షికాగో పరిసరాల వార్తలంటే ఉగాది, బతుకమ్మ, వనభోజనాలు, కొత్త కార్యవర్గాల ఫోటోలు. వాటిని ఆపేయమని నేననను. ఆ శాలువాల కింద మా బంధువులూ ఉంటారు. కానీ మేము ఇళ్లు కొనుక్కొని పన్నులు కడుతున్న ఊళ్ల పుట్టుపూర్వోత్తరాల గురించి ఒక్క ముక్క కనిపించదు. "నిన్నమొన్నటి ఊళ్లు, వీటికి చరిత్ర ఏముంది" అని మన విందుల్లో తేలిగ్గా అనేస్తుంటారు. షికాగోకు పడమట మేముంటున్న డూపేజ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సంగతి తెలిస్తే అలా అనరు.

1831లో జోసెఫ్ నేపర్ అనే ఓడ కెప్టెన్ ఒహాయో నుంచి కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకొని డూపేజ్ నది ఒడ్డున దిగాడు. అదే నేటి నేపర్‌విల్. అప్పటికి అక్కడ పొటవాటమి అనే మూలవాసీ ప్రజలు ఉన్నారు. 1833 నాటి షికాగో ఒప్పందం వాళ్లను మిసిసిపీ నది అవతలికి పంపేసింది. తొలి నివాసుల కథ నేపర్‌తో మొదలుపెడితే సగమే చెప్పినట్టు.

1839లో షికాగో ఉన్న కుక్ కౌంటీ నుంచి విడిపోయి డూపేజ్ ఏర్పడింది. కోర్టు నేపర్‌విల్‌లో పెట్టారు. ఆ తర్వాత జరిగింది, జిల్లా కేంద్రం మా ఊళ్లోనే ఉండాలని ధర్నాలు చేసిన మనవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. రైలు వస్తానంటే నేపర్‌విల్ పెద్దలు వద్దన్నారు. వాళ్ల పెట్టుబడులు చెక్కపలకలు పరిచిన టోలు బాటలో ఉన్నాయి మరి. ఉత్తరాన వీటన్ సోదరులు మాత్రం పట్టాలకు తమ భూమిని ఉచితంగా ఇచ్చారు. 1849లో రైలు వాళ్ల పొలాల మీదుగా నడిచింది, వీటన్ ఊరు లేచింది. 1867లో కౌంటీ కేంద్రం మార్చాలా అని ఓటు పెడితే స్వల్ప తేడాతో వీటన్ గెలిచింది. నేపర్‌విల్ రికార్డులు ఇవ్వనంది. 1868 జూలైలో ఒక రాత్రి వీటన్ వాళ్లు బండ్లతో వచ్చి కోర్టులో పడి దస్తావేజులు ఎత్తుకుపోయారు! తొందరలో వదిలేసిన వాటిని భద్రంగా ఉంటాయని షికాగో పంపితే, 1871 అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి.

ఇదే కౌంటీలోని ఓక్ బ్రూక్‌లో 1852లో కట్టిన గ్రౌ పిండిమిల్లు ఇప్పటికీ ఉంది. దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసలను దాని నేలమాళిగలో దాచేవారు. నల్లవారు వచ్చి స్థిరపడకూడదని ఇల్లినాయ్ రాష్ట్రం చట్టం చేసింది ఆ మరుసటి ఏడాదే. పిల్లలను అక్కడికి తీసుకువెళ్లేవాళ్లు ఈ రెండు సంగతులూ కలిపి చెప్పాలి.

ఇక మన అధ్యాయం. 1965 వలస చట్టం తలుపు తీసింది, 1966లో టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ నేపర్‌విల్‌కు వచ్చింది. ఈ రెండూ లేకపోతే ఇక్కడ ఇంతమంది తెలుగు ఇంజనీర్లు ఉండేవారు కారు. ఆ తొలి తరం వారు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. వాళ్ల ఉత్తరాలు, ఫోటోలు పిల్లల బేస్‌మెంట్లలో అట్టపెట్టెల్లో పడి ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసే రోజున మొదట చెత్తలోకి వెళ్లేవి అవే.

నెలకు అర పేజీ చాలు. ఒక నెల పాత కథ, మరో నెల మన పెద్దల్లో ఒకరి జ్ఞాపకాలు, వాళ్ల మాటల్లోనే. మూల ప్రతులను ఊరి గ్రంథాలయానికో, నేపర్ సెటిల్‌మెంట్ మ్యూజియానికో ఇవ్వమని కుటుంబాలకు చెప్పండి. ఒక్క షరతు, దీన్ని సంఘాల అధ్యక్షుల జీవిత విశేషాల శీర్షికగా మార్చవద్దు. అద్దెకు ఇల్లు ఎవరిచ్చారో, ఎవరు కాదన్నారో, చీర కట్టుకొని మంచులో బస్సు కోసం నిలబడ్డ ఆవిడ మొదటి ఉద్యోగం ఏమిటో, అవి అడిగి రాయించండి.

ఒక పాఠకురాలు,
నేపర్‌విల్, ఇల్లినాయ్