ఆదివారం అక్వైర్ పోటీ: కొత్తగా చేరినవారు తప్పక చదవండి

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 10 గంటలకు ఎంవీపీ కాలనీలో మన అక్వైర్ (హోటల్ సంస్థల వాటాలు కొనే బోర్డు ఆట) పోటీ. గాజువాక వైపు నుంచి వచ్చేవారు కాస్త ముందుగా బయలుదేరండి, ఆట మధ్యలో ఎవరినీ చేర్చుకోలేం.

సిడ్ సాక్సన్ 1960లలో రూపొందించిన ఈ ఆటలో పాచికలు ఉండవు. 7 హోటల్ సంస్థలు, ఒక్కోదానికి 25 వాటాలు, మొదట్లో ఒక్కొక్కరి చేతికి 6000 ఆట డబ్బు. ఒక వంతులో 3 వాటాలకు మించి కొనకూడదు. కొత్తవారు తొందరపడి ఖరీదైన వాటాలకే ఉన్నదంతా ఊడ్చిపెడతారు. తర్వాత విలీనం జరిగేదాకా పైసా రాదు. చిన్న సంస్థ పెద్దదానిలో కలిసినప్పుడు, ఆ చిన్నదానిలో ఎక్కువ వాటాలున్నవారికి వాటా ధరకు 10 రెట్లు, రెండోవారికి 5 రెట్లు దక్కుతాయి. మనం ఆడే పాత నియమాల్లో మూడోవారికి చిల్లిగవ్వ రాదు! అందుకే, త్వరలో కలిసిపోయే చిన్న సంస్థలో మొదటి రెండు స్థానాలు పట్టుకోవడమే అసలైన పెట్టుబడి అని నా గట్టి నమ్మకం. విలీనం చేసే పలక (సంస్థలను పెంచడానికి, కలపడానికి బోర్డు మీద వేసే ముక్క) చేతిలో ఉన్నా వెంటనే వేయకండి, ముందు వాటాలు కూడబెట్టుకోండి. అయితే ఆ సంస్థ 11 పలకలకు చేరితే ఇక దాన్ని ఎవరూ మింగలేరు, గమనిస్తూ ఉండండి.

వచ్చేవారు శుక్రవారంలోగా ఇక్కడే పేరు రాయండి. ఇంకో బోర్డు కావాలి, ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి తీసుకురండి.