పునాది సంగతి ముందే చెప్పాలి

ఎత్తైన భవనాల పునాదులు కుంగుతుంటే ఆ సంగతి అందులో ఉండేవాళ్లకే అందరికన్నా ఆలస్యంగా తెలియడం దారుణం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009లో పూర్తయిన 58 అంతస్తుల మిలీనియం టవర్ పైల్స్ (పునాది కోసం భూమిలోకి దించే స్తంభాలు) రాతిపొర దాకా వెళ్లలేదు, ఇసుక పొరలోనే ఆగాయి. 2016 నాటికి భవనం సుమారు 16 అంగుళాలు కుంగి ఒక పక్కకు ఒరిగింది. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో మరీ ఘోరం. అక్కడి ఒక అపార్ట్‌మెంట్ భవనంలో కాంక్రీటు దెబ్బతిందని 2018లోనే ఇంజినీరు రాసిచ్చినా పెద్ద మరమ్మతులు మొదలుకాలేదు, 2021 జూన్‌లో ఆ 12 అంతస్తుల భవనంలో ఒక భాగం కూలి 98 మంది చనిపోయారు. మేముండే భవనం సెల్లార్‌లో పిల్లర్ అడుగున పెచ్చులూడి, తుప్పుపట్టిన ఊచలు బయటపడ్డాయి. వాటి మీద సిమెంటు పూసి రంగేశారు, అంతే! లోపల తుప్పు ఆగుతుందా? తలుపులు బిగుసుకుపోయినా, గోడలో ఏటవాలుగా పగుళ్లొచ్చినా ‘కొత్త బిల్డింగ్ కదా, మామూలే’ అంటున్నారు. ఎత్తైన ప్రతి భవనానికీ కుంగుబాటు కొలిచే గుర్తులు పెట్టాలి. బిల్డర్‌తో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీరు ఏటా కొలిచిన అంకెలను లిఫ్టు పక్కనే నోటీసు బోర్డులో అంటించాలి. మట్టి పరీక్ష రిపోర్టు, పైల్స్ లోతు వివరాలు కొనేవాళ్ల చేతికి అడ్వాన్సు తీసుకోకముందే ఇచ్చేలా చట్టం తేవాలి.