కళింగపట్నం ఇసుక దిబ్బ మీద నిన్న

నిన్న మాతో పక్షులు చూడ్డానికి రాలేకపోయినోళ్ల కోసం. వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బ మీదకి పడవలో దాటాం. గాలి ఒకటే కొట్టుడు! నా టోపీ ఏట్లోకి పోయింది, బైనాక్యులర్ పట్టిన చెయ్యి నిలవలేదు. పక్షులు అంతంతమాత్రమే, నీళ్లంచున నాలుగు ఉల్లంకి పిట్టలు.

కానీ తూనీగలు! రావణాసురుడి మీసాల గడ్డి పట్టుకుని, తల గాలికి ఎదురుపెట్టి వేలాడుతున్నాయి. ఒకదాన్ని జానెడు దూరంలో చూశాను: పసుపు ఒళ్లు, ఎర్రటి కళ్లు, రెక్కలు వణుకుతున్నాయి, పట్టు మాత్రం వదల్లేదు. ఈ రకమే హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతుంది. మనకేమో ఏరు దాటడానికే భయం.

వచ్చే ఆదివారం తేలినీలాపురం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే ఉంటాయి. చెట్ల కింద నిలబడేవాళ్లు గొడుగు తెచ్చుకోండి, వాన కోసం కాదు.