వార్షిక నివేదిక 2024–25: పదకొండు మజిలీలు, ఒక కోనేరు

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

నిరుడు మన ఆటల సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేసుకున్నాం. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రై, డైస్ వేస్తూ కథ నడిపే ఆట మనది; ఆ కథని నడిపించే మనిషి గేమ్ మాస్టర్. గేమ్ మాస్టర్లు తీసి బల్ల మీద పరుచుకోగానే ఆట మొదలుపెట్టేలా రెడీమేడ్ ఊళ్లు, కోటలు, రేవులు తెలుగులో మనమే తయారు చేసుకోవాలని. చేతులెత్తినవాళ్లు 31 మంది. మ్యాపులు గీస్తామని పేర్లిచ్చినవాళ్లు 14 మంది. గీసి ఇచ్చినవాళ్లు నలుగురు. మిగతా పదిమందీ వాట్సాప్‌లో బొటనవేలు చూపించి ఊరుకున్నారు. అయినా పదకొండు స్థలాలు అచ్చయ్యాయి కాబట్టి ఆ పదిమంది పేర్లు ఇక్కడ రాయడం లేదు. వాళ్లకి తెలుసు.

మనం వీటిని మజిలీలు అంటున్నాం. లొకేషన్ అనే మాట మనకి అలవాటైందే గానీ, కాలినడకన కాశీకి బయల్దేరినవాళ్లు పొద్దుగూకే వేళకి ఆగే చోటుకి మన భాషలో ఉన్న మాట ఇది. కాంపెయిన్‌లో, అంటే చాలా ఆటల మీదుగా సాగే కథలో, పార్టీ (ఆటగాళ్ల పాత్రల జట్టు) చేసేదీ అదేగా.

ఎందుకింత శ్రమ అని కొత్త సభ్యులు అడుగుతున్నారు. మన గేమ్ మాస్టర్లలో ఇద్దరు రైల్వేలో, ఒకరు బ్యాంకులో, ఒకరు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నారు. శనివారం రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మనిషి తెల్లారేసరికి ఒక ఊరినీ, దాని వీధుల్నీ, అందులో అబద్ధాలాడే మనుషుల్నీ పుట్టించలేడు. 1974లో మన ఆట, డంజియన్స్ అండ్ డ్రాగన్స్, తొలిసారి అచ్చైనప్పుడు ఎవరి ఊరు వాళ్లే గీసుకోవాలన్నదే లెక్క. రెండేళ్లకే, 1976లో, జడ్జెస్ గిల్డ్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు ఒక నగరాన్ని మొత్తం వీధులతో సహా రెడీమేడ్‌గా అమ్మారు. 1979లో ఆ ఆటని పుట్టించినవాళ్లలో ఒకడైన గ్యారీ గైగాక్స్ హోమ్లెట్ అనే పల్లెని ఇంటింటి వివరంతో అచ్చు వేశాడు. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఎంత దాచుకున్నారో కూడా అందులో ఉంటుంది. అంటే ఈ అవసరం మనకొక్కళ్లకే వచ్చింది కాదు.

బయటి పుస్తకాలు మన దగ్గర లేక కాదు. మే నెల బెజవాడ ఎండలో, ఫ్యాను కింద కూడా చొక్కా వీపుకి అంటుకుపోతుంటే "మీ గడ్డాల మీద మంచు పేరుకుంది" అని గంభీరంగా చెప్పాల్సి రావడం మన గేమ్ మాస్టర్లకే తెలిసిన బాధ. పైగా ఆ లోకాల పేర్లు, ఊళ్ల పేర్లు ఆ పుస్తకాలు అచ్చు వేసినవాళ్ల సొత్తు. 2023 జనవరిలో ఆట మూల నిబంధనల్ని క్రియేటివ్ కామన్స్ కింద వదిలారు కాబట్టి నియమాలు మనం వాడుకోవచ్చు, వాటిమీద కొత్తవి కట్టి అచ్చు వేసుకోవచ్చు. ఊళ్లు మాత్రం మనవే ఉండాలి.

ఒక్కో మజిలీ ఒక ఏ3 కాగితం. మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు. మొదటి పేజీలో మ్యాపు. రెండో పేజీలో అయిదుగురు మనుషులు, ఒక్కొక్కరికి కావలసింది ఒక్కొక్క వాక్యంలో. మూడో పేజీలో ఆరు వదంతులు, ఆరుముఖాల డైస్ వేసి ఎంచుకోవాలి. వాటిలో రెండు అబద్ధం. నాలుగో పేజీ ఖాళీ. ఈ ఖాళీ పేజీ మీద కార్యవర్గం గంటన్నర కొట్టుకుంది. డబ్బిచ్చి తెల్లకాగితం అచ్చు వేయించడమేమిటని వాదించినవాణ్ణి నేనే. తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను. తిరిగొచ్చిన కాపీలు చూస్తే అందరూ ఎక్కువగా నలిపింది ఆ పేజీనే.

అన్నిటికంటే ఎక్కువ టేబుళ్ల మీద నడిచింది పూటకూళ్ల ఇల్లు. బయటి పుస్తకాల్లో సాహసమంతా సారాయి దుకాణంలో మొదలవుతుంది. మన దగ్గర పూటకూళ్లమ్మ ఉండగా ఆ అవసరమేముంది? వంటింటి గోడ మీద బొగ్గు గీతలుంటాయి, ఒక్కో గీత ఒక్కో పూట బాకీ. మూడు పేర్ల పక్కన గీతలు ఒకే రోజున ఆగిపోయాయి. ఆ ముగ్గురూ ఏమయ్యారో మేం రాయలేదు. ఒక టేబుల్‌లో వాళ్లు దొంగలయ్యారు, ఇంకో టేబుల్‌లో ఆమె బావిలో దొరికారు, మూడో టేబుల్‌లో పార్టీలో ఒకడు లేచి "ఆ ముగ్గురిలో ఒకణ్ణి నేనే, బాకీ తీర్చడానికొచ్చాను" అన్నాడు. మజిలీలో పెద్ద చరిత్ర రాయడం కంటే ఇలాంటి గోడ ఒకటి పెడితే చాలునని ఈ ఏడాది నాకు కలిగిన అభిప్రాయం. రేవు మజిలీలో మూడు తరాల రాజుల వంశావళి రాసిన సభ్యుడు నొచ్చుకోకూడదు; దాన్ని ఒక్క టేబుల్ కూడా చదవలేదు.

ఆగస్టులో కృష్ణ అవతలికి, ఉండవల్లి గుహలకి వెళ్లాం. తొమ్మిది మంది. నాలుగు అంతస్తులు కొండలోంచే తొలిచారు, పైన శేషశాయి పడుకుని ఉంటాడు. మొదట విహారంగా మొదలై తర్వాత వైష్ణవాలయం అయిందంటారు. ఒకరు తొలిచిన గదుల్లో ఇంకొకరి దేవుడు కొలువుండటం, కింది అంతస్తులో సగంలో ఆగిన చెక్కడం, ఇవన్నీ మన కొండగుహ మజిలీలోకి వచ్చాయి. అంతకు ముందు గీసిన గుహ చదరపు గదుల వరసగా, ఆసుపత్రి వార్డులా ఉండేది.

తర్వాత సెప్టెంబరు 1. ఆదివారం, మనం ఆటకి కూడే రోజు. బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ మీదికొచ్చిన సంగతి మీకు నేను చెప్పేదేముంది. మ్యాపులు, పుస్తకాలు, డైస్‌లు పెట్టిన మన పెట్టెలు రెండూ అటువైపు సభ్యుడి ఇంట్లో కింది వాటాలో ఉన్నాయి. ఆయన కుటుంబం మేడ మీద నాలుగు రోజులుంది. నీళ్లు దిగాక వెళితే ఇంకు పెన్నుతో గీసిన మ్యాపులన్నీ నీలం ముద్దలయ్యాయి. లామినేషన్ చేసినవి మూడు మాత్రం బురద కడిగితే బాగానే ఉన్నాయి, వాటిలో ఒకటి తమాషాగా "మునిగిన ఊరు" మజిలీ. సహాయానికి పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు పట్టుకుని తిరిగిన సభ్యులందరికీ సంఘం చేతులెత్తి నమస్కరిస్తోంది. ఆ వారం ఫోన్ ఎత్తనివాళ్ల గురించి ఏమీ అనను.

హాలు సంగతి. జనవరి కార్యక్రమానికి ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టాం. అందులో "డైస్" అని రాయడం నా తప్పే. అక్కడి గుమస్తా గారు దాన్ని ఎర్ర ఇంకుతో చుట్టి "జూదమా?" అని రాసి వెనక్కి పంపారు. మూడుసార్లు తిరిగాను, కాగితం మీద డబ్బు పందెం లేదని హామీపత్రం ఇచ్చాను, నాలుగోసారి సారు సెలవులో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా 1974దే, ఈ ఆట పుట్టిన ఏడాదే. ఆ రెండూ ఇన్నాళ్లకి నా ఫైల్లో కలుసుకున్నాయి. చివరికి పటమటలో ఒక సభ్యురాలు తన ఇంటి మేడ మీది హాలు ఉచితంగా ఇచ్చారు. కుర్చీలు కూడా వాళ్లవే.

జనవరి 26, జెండా వందనాలయ్యాక, మధ్యాహ్నం మూడింటికి అయిదు టేబుళ్ల మీద ఒకేసారి ఒకే మజిలీ తెరిచాం. కొండకోట. సంఘం పెట్టాక ఇంతటి రోజు లేదు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

టేబుళ్ల మీద కొండపల్లి బొమ్మలు పెట్టాం. మినియేచర్లు బయటి నుంచి తెప్పిస్తే ధర అందడం లేదు; తెల్లపొణికి కర్రతో చేసిన పల్లెటూరి సెట్టు తెస్తే ఎద్దులబండి, గుడిసె, తాటిచెట్టెక్కే మనిషి, అంబారీ ఏనుగు అన్నీ వచ్చాయి. తాటిచెట్టు అయిదు టేబుళ్లలోనూ కాపలా బురుజైపోయింది. మొదటి టేబుల్ కోటని రెండు గంటల్లో ముట్టడించి పట్టుకుంది. రెండో టేబుల్ కోట ఎక్కనే లేదు, కొండ కింద సంతలో మిర్చి బేరంలో పడి అక్కడే ఉండిపోయింది; ఆటగాళ్లలో ముగ్గురిది గుంటూరు. నాలుగో టేబుల్ నడపాల్సిన గేమ్ మాస్టర్ రాలేదు, ఫోన్ స్విచాఫ్. టీ పంచుతున్న నేను కప్పులు కింద పెట్టి కూర్చోవలసి వచ్చింది. అయిదో టేబుల్ ద్వారపాలకుడితోనే సాయంత్రం దాకా వాదించింది.

మూడో టేబుల్ దగ్గర ఒక కుర్రాడి మామ్మగారు వాణ్ణి తీసుకెళ్లడానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. పది నిమిషాలు విని, గేమ్ మాస్టర్‌ని అడిగారు:

"ఏం నాయనా, కోటలో ఎంతమంది సైన్యం?"

"రెండొందల మందండీ."

"మరి నీళ్లో?"

మా ఇంజనీరింగ్ అబ్బాయి కాగితం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మ్యాపులో బురుజులున్నాయి, సొరంగముంది, ఖజానా ఉంది. బావి లేదు, కోనేరు లేదు. నలుగురం మూడు నెలలు గీసిన కోట. వాడు మాత్రం తెలివైనవాడు, ఇరవై ముఖాల డైస్ ఆమె చేతిలో పెట్టి "మామ్మగారూ, వేసి మీరే చెప్పండి" అన్నాడు. 19 పడింది. ఆవిడ ఆలోచించుకుని "కింద రేవు నుంచి గాడిదల మీద మోయిస్తుండాలి. గాడిదలవాణ్ణి పట్టుకోండి" అన్నారు. పార్టీ కత్తులు గడ్డివాములో దాచి, తిత్తులు భుజానేసుకుని, గాడిదల వెనకాల నడుచుకుంటూ పెద్ద ద్వారంలోంచే లోపలికి వెళ్లింది. నా ఎదురుగా ఉన్న టేబుల్ వాళ్లు ఆట ఆపి అటు చూస్తూ కూర్చున్నారు.

ఫిబ్రవరిలో టెంపో మాట్లాడుకుని కొండవీడు వెళ్లాం. రెడ్డిరాజుల కోటలో కొండ మీద మూడు చెరువులున్నాయి: ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వేదుళ్ల చెరువు. వాటి గట్టున నిలబడి మ్యాపు గీసిన నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కొండపల్లి కోటలోనూ జలాశయం ఉంది, అక్కడికి మనలో ప్రతి ఒక్కరూ చిన్నప్పుడు పిక్నిక్‌కి వెళ్లినవాళ్లమే. రెండో ముద్రణలో కొండకోటకి కోనేరు వేస్తున్నాం. గాడిదల దారి తీసేయొద్దని మూడో టేబుల్ వాళ్లు రాసిచ్చారు, అది కూడా ఉంటుంది. కోనేరు ఎండిన ఏడాదిలో కథ జరుగుతుందని పెట్టుకోవచ్చు.

లెక్కలు. చందాలు 47 మంది, ఒక్కొక్కరు రూ.600 చొప్పున రూ.28,200. విరాళాలు రూ.11,000. మజిలీల అమ్మకం 216 కాపీలు, రూ.30 చొప్పున రూ.6,480. మొత్తం జమ రూ.45,680. ఖర్చు: అచ్చు, లామినేషన్ రూ.17,350; బొమ్మలు రూ.7,200, ప్రయాణాలు రూ.5,500, టీ, టిఫిన్లు రూ.9,870; వరదలో పోయిన పుస్తకాలు, డైస్‌ల బదులు రూ.4,100. నిల్వ రూ.1,660. టిఫిన్ల పద్దు మీద ప్రశ్న వేయదలచినవారు ముందు తాము తిన్న పునుగుల సంఖ్య చెప్పాలి. వివరాలు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి.

కృతజ్ఞతలు: మేడ ఇచ్చిన సభ్యురాలికి, ఆమె అత్తగారికి, అర్ధరాత్రి దాకా షాపు తెరిచి ఉంచిన వన్‌టౌన్ జిరాక్స్ వారికి, అక్షరదోషాలు దిద్దిన రిటైర్డ్ తెలుగు మాస్టారికి ("వదంతి"కి బహువచనం మూడుసార్లు దిద్దారు), మ్యాపుల నలుగురికి, అయిదుగురు గేమ్ మాస్టర్లలో వచ్చిన నలుగురికి, టెంపో డ్రైవరు గారికి, ఆయన చివరికి పూటకూళ్ల ఇంట్లో వంటవాడి పాత్ర కూడా వేశారు, మామ్మగారికి. ఆవిడకి గౌరవ సభ్యత్వం ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. చందా అడగం.

వచ్చే ఏడాదికి దిగుడుబావి, సుంకం వంతెన, బౌద్ధస్తూపం పక్క అడవి అని మూడు మజిలీలు అనుకున్నాం. గీయడానికి పేర్లివ్వదలచినవారు ఈసారి పేరుతో పాటు పెన్సిలు స్కెచ్ ఒకటి తేవాలి.

చివరగా, కొండపల్లి సెట్టులో తాటిచెట్టు ఒకటి జనవరి 26 నుంచి కనబడటం లేదు. తీసుకెళ్లినవారు సమావేశానికి తెచ్చి గుమ్మం పక్క బల్ల మీద పెట్టేస్తే చాలు, ఎవరని అడగం.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ